నాన్నగారికి రక్త, మూత్ర పరీక్షలు: ముందురోజు నుంచి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: కవిటి అబ్బాయి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. నేను ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉంటున్నాను; అమ్మ, నాన్నగారు ఊళ్ళోనే ఉంటారు. నాన్నగారికి 58 ఏళ్ళు. షుగరుకూ బీపీకీ మాత్రలు వాడుతున్నారు, ఇప్పటికీ కొబ్బరితోట పని స్వయంగా చూసుకుంటారు. ఈమధ్య సాయంత్రమయ్యేసరికి పాదాలు కాస్త వాస్తున్నాయని పలాసలో డాక్టరుగారికి చూపిస్తే, ఆయన చాలా పరీక్షలు రాశారు: పరగడుపున షుగరు, తిన్న తరవాత షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు), సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), పొటాషియం, కొలెస్ట్రాల్, ఉదయం మూత్రంలో అల్బుమిన్ (ఒకరకం ప్రోటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి, 24 గంటల మూత్రంలో ప్రోటీన్. మా పెదనాన్నగారు డయాలసిస్‌లో ఉన్నారు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదన్న సంగతి మీకు తెలియనిది కాదు. అందుకే ఈ పరీక్షల ఫలితాలు సరిగ్గా రావాలని నా ఆరాటం.

నా సందేహాలివి. నాన్నగారు తెల్లవారుజామునే లేచి టీ తాగి, చుట్ట కాల్చుకుని తోటకు వెళ్ళి, ఎనిమిది గంటలకు వచ్చి చోడి అంబలి తాగుతారు. పరగడుపున ఉండాలంటే, టీ ఆహారం కాదనీ, కొబ్బరి బొండం నీళ్ళు నీళ్ళ కిందే లెక్కనీ ఆయన వాదన. ఉదయం వేసుకోవలసిన మాత్రల సంగతి ఏమిటి? మా ఊరి నుంచి పలాస వెళ్ళాలంటే ఆటో, బస్సు మారి గంటకు పైగా ప్రయాణం చేయాలి. కనుక ఇంటికి వచ్చి రక్తం తీసుకునేవారిని పిలిపించడం మంచిదా, ఆయన్నే తీసుకెళ్ళడం మంచిదా? క్రితంసారి ఇంటికి వచ్చి తీసుకెళ్ళిన ఒక ల్యాబువారు పొటాషియం ప్రమాదకరంగా ఉందని రిపోర్టు ఇచ్చారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు ఆసుపత్రిలో మళ్ళీ చేయిస్తే మామూలుగానే ఉంది. అలా ఎందుకు జరుగుతుందో, మళ్ళీ జరగకుండా ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు. ఇక 24 గంటల మూత్రం ఎలా పట్టాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

జవాబు: ల్యాబు టెక్నీషియన్, శ్రీకాకుళం

మీరు వివరంగా రాశారు కనుక నేనూ కాస్త వివరంగానే రాస్తాను. యంత్రం ఎంత ఖరీదైనదైనా, దానిలోకి వెళ్ళే రక్తం ఎప్పుడు, ఎలా తీసినదన్న దాన్నిబట్టే ఫలితం ఉంటుంది. తప్పులు ఎక్కువగా జరిగేది యంత్రం దగ్గర కాదు, అంతకుముందే. అందులో సగం జాగ్రత్త ఇంట్లోవారి చేతిలోనే ఉంటుంది.

ముందు పరగడుపు గురించి. షుగరు పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. కొలెస్ట్రాల్ పరీక్షల్లో ట్రైగ్లిజరైడ్లనే ఒకరకం కొవ్వును తిన్న తిండి వెంటనే పెంచుతుంది కాబట్టి 10 నుంచి 12 గంటలు ఉండమంటాము. అంటే రాత్రి ఎనిమిదింటికి భోజనం ముగిస్తే ఉదయం ఏడింటికి రక్తం ఇవ్వవచ్చు. అంతకన్నా ఎక్కువసేపు కడుపు మాడ్చుకుంటే ఫలితం ఇంకా బాగా వస్తుందనుకోవడం పొరపాటు. షుగరు మాత్రలు వాడేవారికి అది ప్రమాదం కూడా. ఈ సమయంలో మంచినీళ్ళు మాత్రం తాగవచ్చు, తాగాలి కూడా; డాక్టరుగారు నీటికి పరిమితి పెట్టి ఉంటే ఆ పరిమితిలోనే తాగాలి. ఒంట్లో నీరు తగ్గితే నరం దొరకదు, క్రియాటినిన్ కూడా ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పంచదార వేసినా వేయకపోయినా టీ వద్దు. బొండం నీళ్ళల్లో చక్కెర ఉంటుంది, పొటాషియం దండిగా ఉంటుంది. మీ నాన్నగారికి రాసినవాటిలో ఆ రెండు పరీక్షలూ ఉన్నాయి కనుక అవి మంచినీళ్ళతో సమానం కావని ఆయనకు నచ్చజెప్పండి. చుట్ట కూడా రక్తం ఇచ్చేవరకూ ఆపాలి. మా ల్యాబుకు వచ్చే పెద్దవాళ్ళల్లో చాలామంది శనివారం ఉపవాసంలో పాలూ అరటిపండూ తీసుకునే అలవాటు కొద్దీ పరీక్షనాడు కూడా అలాగే చేసి వస్తారు. అందుకే నేను "ఏమైనా తిన్నారా" అని అడగను, "లేచినప్పటినుంచీ నోట్లో ఏం వేసుకున్నారు" అని అడుగుతాను. మీ అమ్మగారు కూడా అలాగే అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

షుగరు మాత్రను పరగడుపు రక్తం ఇవ్వకముందు వేసుకోకూడదు. రక్తం ఇచ్చాక రోజూ తినే ఫలహారమే తిని, రోజూ వేసుకునే పద్ధతిలోనే మాత్ర వేసుకోవాలి. తిన్న తరవాత షుగరుకు రెండు గంటల లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి మొదలవుతుంది, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఆ రెండు గంటల్లో ఇంకేమీ తినకుండా, తోటపనికి పోకుండా కూర్చోవాలి. పరీక్ష ఉందని ఆ పూటకు మాత్రం రెండు ఇడ్లీలతో సరిపెట్టడం చాలామంది చేస్తారు. దానివల్ల డాక్టరుగారికి తెలియవలసినది తెలియకుండా పోతుంది. బీపీ మాత్రను సాధారణంగా గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు. అయినా మందులు రాసిన డాక్టరుగారినే ఒకమాట అడిగి చేయండి, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు. హెచ్‌బీఏ1సీకి పరగడుపు అవసరం లేదు.

ఇక పొటాషియం. మీకు జరిగినదానికి కారణం ఇదేనని ఇక్కడినుంచి తేల్చి చెప్పలేను గాని, అలా జరగడానికి మామూలుగా ఉండే కారణాలు చెబుతాను. పొటాషియం ఎక్కువభాగం రక్తకణాల లోపల ఉంటుంది. కణాలు చితికితే అది బయటికి వచ్చి, పైనున్న ద్రవంలో కలిసిపోతుంది. సన్నని సూదితో సిరంజిని బలంగా లాగినా, ఆ రక్తాన్ని ట్యూబులోకి ఒత్తిడితో చిమ్మినా, ట్యూబును గట్టిగా కుదిపినా కణాలు చితుకుతాయి. చేతికి పట్టీ బిగించి పిడికిలి పదేపదే మూసి తెరవమంటే కూడా పొటాషియం పెరుగుతుంది. పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచకూడదు. మరో కారణం ఆలస్యం. రక్తం గడ్డకట్టాక యంత్రంలో తిప్పి పైనున్న సీరాన్ని వేరు చేయాలి. అలా చేయకుండా మోటారు సైకిలు పెట్టెలో పల్లెపల్లెకూ తిప్పి మధ్యాహ్నానికి ల్యాబుకు చేరిస్తే, కణాల్లోని పొటాషియం మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. ఐసు పెట్టెలో ఉంచారు కదా అనుకుంటారు గాని, వేరు చేయని రక్తాన్ని బాగా చల్లబరిచినా పొటాషియం పెరుగుతుంది. షుగరు విషయం దీనికి తలకిందులు: మామూలు ట్యూబులో ఉన్న రక్తంలో కణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున అది తగ్గుతుంది. అందుకే షుగరుకు ఫ్లోరైడు వేసిన బూడిదరంగు మూత ట్యూబు వాడతారు.

కాబట్టి ఇంటికి వచ్చి తీసుకునేవారిని పిలవడం తప్పేమీ కాదు గాని, ఫోనులో బుక్ చేసేటప్పుడే కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. మనిషి ఎన్ని గంటలకు వస్తాడు, మా ఇంటి తరవాత ఇంకా ఎన్ని ఇళ్ళకు వెళతాడు, సీరాన్ని ఎక్కడ వేరు చేస్తారు, పరీక్ష ఇక్కడే చేస్తారా లేక విశాఖపట్నమో హైదరాబాదో పంపుతారా అని అడగండి. తిన్న తరవాత షుగరుకు అదే మనిషి రెండో విడత వస్తాడో లేదో కూడా అడగాలి. చాలామంది ఈ చివరిది మరిచిపోతారు. ఉదయం వచ్చినవాడు వెళ్ళిపోయాక రెండో రక్తం ఇవ్వడానికి ఎవరూ ఉండరు. డాక్టరుగారి చీటీ ఫొటోను ముందే వాట్సాప్‌లో పంపితే సరైన ట్యూబులు తెస్తారు. రక్తం తీసిన వెంటనే, మీ ఇంట్లోనే, ట్యూబు మీద పేరు, వయసు, సమయం రాయించండి. పేరు లేని ట్యూబులు జేబులో వేసుకుని వెళ్ళేవారికి రక్తం ఇవ్వకపోవడమే మేలు.

మీ నాన్నగారి విషయంలో, అందులోనూ పొటాషియంతో ఒకసారి ఇబ్బంది పడ్డారు కాబట్టి, ఆయన్ను సీరం వెంటనే వేరు చేసే ల్యాబుకే తీసుకెళ్ళమని నా సలహా. ఇకపై క్రియాటినిన్ ఎప్పుడు చేయించినా అదే ల్యాబులో చేయించండి. క్రియాటినిన్ కొలిచే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. ఒకచోట 1.3, ఇంకోచోట 1.5 వచ్చిందంటే జబ్బు ముదిరిందో, పద్ధతి మారిందో పోల్చుకోవడం కష్టం.

జవాబు: సోంపేట కోడలు

24 గంటల మూత్రం గురించి నేను రాస్తాను. మా అత్తగారికి ఈ పరీక్ష చేయించే బాధ్యత నాదే కనుక ఇంట్లో ఎదురయ్యే చిక్కులు నాకు తెలుసు.

ముందుగా ల్యాబుకు వెళ్ళి వాళ్ళిచ్చే పెద్ద డబ్బాయే తెచ్చుకోవాలి. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింకు సీసాలూ నూనె డబ్బాలూ ఎంత కడిగినా పనికిరావు. కొన్ని పరీక్షలకు ఆ డబ్బాలో ముందే ఆమ్లం పోసి ఇస్తారు. ప్రోటీన్ పరీక్షకు సాధారణంగా పోయరు, అయినా అడిగి తెలుసుకోండి; ఉంటే చెయ్యి తగలకుండా చూసుకోవాలి.

మొదలుపెట్టే రోజు ఉదయం లేవగానే పోసే మూత్రాన్ని డబ్బాలో పట్టకూడదు. అది రాత్రంతా తయారైనది, ముందురోజు లెక్కలోది. దాన్ని వదిలేసి ఆ సమయాన్ని డబ్బా మీద రాయాలి. ఆ తరవాత పగలు, రాత్రి ప్రతిసారీ, చివరి చుక్కతో సహా పట్టి, మర్నాడు ఉదయం సరిగ్గా అదే సమయానికి పోసేదాన్ని కూడా కలిపితే లెక్క పూర్తవుతుంది. మొదటిది వదలాలి, చివరిది కలపాలి. దీన్ని తిరగేసేవారే ఎక్కువ. మధ్యలో ఒక్కసారి బయట పోసేసినా ఫలితం తక్కువ చూపిస్తుంది. అలా జరిగితే దాచకుండా ల్యాబుకు చెప్పి, కొత్త డబ్బాతో మళ్ళీ మొదలుపెట్టాలి.

డబ్బా మూతి ఇరుకుగా ఉంటుంది, బరువెక్కాక ఎత్తడం పెద్దవాళ్ళ వల్ల కాదు. కనుక వెడల్పు మూతి ఉన్న కొత్త ప్లాస్టిక్ మగ్గు ఒకటి దీనికోసమే పెట్టండి. అందులో పట్టి డబ్బాలో పోసి, మగ్గును మంచినీళ్ళతో కడిగి బోర్లించాలి. తడి మగ్గులో పడితే నీళ్ళు కలుస్తాయి. దొడ్డికి వెళ్ళినప్పుడు ముందు మూత్రం మగ్గులో పట్టి, తరవాతే కూర్చోమని చెప్పాలి. ఇవి చెప్పడానికి కోడలికైనా కొడుకుకైనా మొహమాటమే, కాని చెప్పకపోతే పరీక్షే వృథా అవుతుంది. మా అత్తగారికి మొదట సిగ్గుగా ఉండేది. డబ్బాను గోనెసంచిలో పెట్టి స్నానాలగది మూలన నీడలో ఉంచి, చుట్టూ తొట్టెలో చల్లనీళ్ళు పోసి, "ఇటువైపు ఎవరూ రారు" అని ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పాక ఆవిడ స్థిమితపడ్డారు. మీ నాన్నగారు ఆ ఒక్కరోజు తోటకు వెళ్ళకుండా ఉంటే మంచిది. తప్పనిసరి అయితే మూత గట్టిగా ఉండే చిన్న శుభ్రమైన డబ్బా వెంట పంపండి. గట్టు మీద నిలబడి పోసే అలవాటు ఉన్నవారు డబ్బా సంగతి మరిచిపోతారు, కాబట్టి ఆ రోజు ఎవరో ఒకరు తోడు వెళ్ళాలి.

ఒక మాట. అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి ఒక్కటి చేయిస్తే చాలు, 24 గంటలది అక్కర్లేదని మాకు తెలిసినవారు కొందరన్నారు. అది నిజమేనా?

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, టెక్కలి

సోంపేట నుంచి రాసిన అమ్మాయి ఎంతో ఓపికగా వివరించింది. ఆమె అడిగినదానికి నాకు తెలిసినది చెబుతాను. ఈ రోజుల్లో చాలామంది డాక్టర్లు నిష్పత్తి పరీక్షతోనే మొదలుపెడతారు. అది గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల అల్బుమిన్ లోపు ఉంటే మామూలు, 300 దాటితే బాగా ఎక్కువ. కాని 24 గంటల పరీక్ష ప్రత్యేకంగా రాశారంటే, రోజు మొత్తంమీద పోయే ప్రోటీన్ ఎంతో ఆ డాక్టరుగారికి కావలసి ఉంటుంది. మీ అంతట మీరు మానేయవద్దు. "రెండూ అవసరమా సార్" అని అడిగితే ఆయనే చెబుతారు.

ఉద్దానం వారు ఒక సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి కిడ్నీ జబ్బు షుగరు, బీపీ లేనివారికి కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఈ రకం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ అంతగా పోకపోవచ్చు. కాబట్టి మూత్రం బాగుందన్న ఒక్కమాటతో నిశ్చింతగా ఉండకూడదు, రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. ఆ క్రియాటినిన్ అయినా కిడ్నీల పని దాదాపు సగం తగ్గేదాకా మామూలు హద్దుల్లోనే ఉండవచ్చు. బక్కపలచని మనుషుల్లో కండ తక్కువ కాబట్టి మరీ మోసపుచ్చుతుంది. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) అనే అంకె కూడా ఇవ్వమని ల్యాబువారిని అడగండి. అది 60 కన్నా తక్కువ వచ్చినా ఒక్కసారికే గుండె జారిపోవద్దు. మూడు నెలలకు పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బుగా లెక్కిస్తారు. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైలులో పెట్టి తీసుకెళ్ళండి. డాక్టరుగారికి ఒక్క అంకె కన్నా అంకెల నడక ఎక్కువ చెబుతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి కనుక, ఫలితం ఏమాత్రం తేడాగా ఉన్నా విశాఖపట్నం దాకా పరుగెత్తకుండా ముందు అక్కడ చూపించవచ్చు.

సూది ఎక్కడ గుచ్చుతారన్నది కూడా ముఖ్యమే. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, ఉందని అనుమానం ఉన్నవారికి ముంజేతి నరాలను కాపాడుకోవాలి. రేపు డయాలసిస్ అవసరం పడితే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి నరాన్ని ధమనితో కలిపి చేసే ఏర్పాటు) చేసేది ఆ నరాలతోనే. అందుకని రక్తాన్ని అరచేతి వెనకవైపు నరం నుంచి తీయమని అడగండి, కుడిచేతివాటం వారైతే ఎడమచేతిని వీలైనంతవరకు వదిలేయమనండి. ఫిస్టులా ఉన్న చేతికైతే సూది గానీ, బీపీ పట్టీ గానీ తగలనివ్వకూడదు. మీ పెదనాన్నగారికి ఈ సంగతి చెప్పే ఉంటారు, ఇంట్లోవారికి కూడా తెలిసి ఉండాలి. రక్తం తీశాక దూదిని వేలితో మూడు నాలుగు నిమిషాలు నొక్కి పట్టాలి. మోచెయ్యి దగ్గర తీసినప్పుడు చెయ్యి మడిచి కూర్చుంటే చాలదు, లోపల రక్తం పేరుకుని కములుతుంది.

పరగడుపున బస్సు ప్రయాణం చేయించేటప్పుడు ఆయన్ను ఒంటరిగా పంపకండి. రాత్రి వేసుకున్న షుగరు మాత్ర ప్రభావం ఉదయం దాకా ఉండవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే పరీక్ష సంగతి పక్కనబెట్టి వెంటనే గ్లూకోజు గానీ పంచదార గానీ నోట్లో వేయాలి. సంచిలో ఒక పొట్లం, ఫలహారం డబ్బా, షుగరు మాత్ర సిద్ధంగా పెట్టుకోండి. కాళ్ళ నొప్పులకని కొట్లో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వాడుతున్నారేమో అడిగి, వాడుతుంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. అవి కిడ్నీకి చేటు చేస్తాయి.

కవిటి అబ్బాయి:

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ జవాబులన్నీ అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. నాన్నగారు బొండం నీళ్ళ విషయంలో కాసేపు వాదించినా చివరికి ఒప్పుకున్నారు. నేను శనివారం రాత్రికి ఊరు చేరుకుని, ఆదివారం ఉదయం అయిదింటికి డబ్బా లెక్క మొదలుపెట్టి, సోమవారం ఉదయం అయిదింటితో ముగించి, అదే ఉదయం డబ్బాతోపాటు ఆయన్ను పరగడుపున పలాస తీసుకెళదామనుకుంటున్నాను. తిన్న తరవాత షుగరు కూడా అక్కడే కూర్చుని ఇచ్చేస్తారు. ఒక్కటే చిక్కు వచ్చింది. సోమవారం ఉదయం మొదటి మూత్రం డబ్బాలోకి వెళ్ళాలి కదా, మరి నిష్పత్తి పరీక్షకు ఉదయం మూత్రం ఎక్కడినుంచి ఇవ్వాలి?

జవాబు: ల్యాబు టెక్నీషియన్, శ్రీకాకుళం

ఆదివారం ఉదయం అయిదింటికి వదిలేయాలన్న మొదటి మూత్రం ఉందే, అదే నిష్పత్తి పరీక్షకు సరిపోతుంది. మొదట కొంచెం వదిలి, మధ్యలోది ల్యాబు ఇచ్చిన చిన్న కప్పులో పట్టి, మూత బిగించి, పేరు, తేదీ, సమయం రాసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. గడ్డకట్టే పై అరలో మాత్రం పెట్టవద్దు. అల్బుమిన్, క్రియాటినిన్ రెండూ ఫ్రిజ్ చలిలో సోమవారం దాకా చెడకుండా ఉంటాయి. కప్పును, డబ్బాను శనివారమే తెప్పించుకోండి, ఆదివారం ల్యాబు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. ఒకవేళ డాక్టరుగారు మామూలు మూత్ర పరీక్ష కూడా కలిపి రాసి ఉంటే, కణాలను సూక్ష్మదర్శినిలో చూసే ఆ పరీక్షకు నిల్వ మూత్రం పనికిరాదు. దానికి సోమవారం ల్యాబుకు వెళ్ళాక అప్పటికప్పుడు పట్టి ఇవ్వాలి. అయిదింటికే లెక్క ముగిసింది కాబట్టి అది డబ్బాలోకి వెళ్ళనక్కర్లేదు.

మీరు ఆదివారం ఎంచుకున్నారు కాబట్టి ఇంకొక్క మాట. కొడుకు ఇంటికి వచ్చిన ఆదివారం ఇంట్లో మేకమాంసం వండకుండా ఉండరు. వండిన మాంసం ఎక్కువగా తింటే కొన్ని గంటలపాటు రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. ఆ రోజుకు పప్పు, కూరగాయలతో సరిపెట్టి, నాన్నగారిని ఎండలో బరువు పనులు చేయనీయకుండా చూసి, మాంసం వంట సోమవారం పలాస నుంచి తిరిగి వచ్చాక పెట్టుకోమని అమ్మగారికి చెప్పండి.